అన్నం పెట్టినప్పుడు మాది, కరిచినప్పుడు ఊరిదా?

ఇయ్యాల ధాన్యం తేమ శాతం గురించి రాయటం లేదు. శివారు భూములకి కాలవ నీళ్ళు అందని సంగతీ రాయటం లేదు. కుక్క గురించి రాస్తన్నా. పెద్ద పోస్టే, కాస్త ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. మన ఊళ్ళల్లో రెండిళ్ళ మధ్య మాటలు పోవడానికి గట్టు తగాదా ఎంత కారణమో, కుక్క తగాదా కూడా అంతే కారణం అవుతోంది.

నా మాట ముందే చెప్పేస్తా. ఇంట్లో మొండి కుక్క, కరిచే కుక్క ఉంటే దాన్ని పెంచుకోవచ్చు. ప్రేమగానే పెంచుకోవచ్చు. కానీ ఆ ప్రేమకయ్యే ఖర్చు మనమే కట్టుకోవాలి. మన గేటు ముందు నడిచే కూలీ మనిషో, పాలు పోసే కుర్రోడో, బడికెళ్ళే పిల్లలో కట్టకూడదు. అట్టాగే, కరిచింది కదా అని విషం పెట్టే హక్కు గానీ, గోతంలో మూటగట్టి వారధి అవతల వదిలేసే హక్కు గానీ ఎవరికీ లేదు. దానికి అన్నం పెట్టినోడికి కూడా లేదు.

2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులు మీరందరూ టీవీలో చూసే ఉంటారు. 11వ తేదీన కుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లకి తరలించమంది. 22వ తేదీన ఆ మాట సవరించి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలమంది. పిచ్చి పట్టినవాటిని, బాగా మీద పడే వాటిని మాత్రం వదలొద్దంది. నెల రోజులు దేశమంతా రెండు ముఠాలై కొట్టుకున్నారు. మన రచ్చబండ దగ్గర కూడా అదే చర్చ.

అయితే నాకు అనిపించింది ఏంటంటే, ఆ చర్చ మన ఊళ్ళకి సరిగ్గా అతకదు. పట్నంలో వీధికుక్క వేరు, పెంపుడు కుక్క వేరు. మన దగ్గర అట్టా గీత గీసినట్టు ఉండదు. మన కుక్క సగం ఇంటిది, సగం ఊరిది. పొద్దున మన వసారాలో పడుకుంటది, మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర ఉంటది, రాత్రికి చెరువు గట్టు మీద తేలతది. దొంగ వస్తే మొరిగినప్పుడు "మా కుక్కండీ" అని మీసం మెలేస్తాం. ఎవరినన్నా కరిస్తే "అది మాదేం కాదండీ, ఏదో రెండు ముద్దలు పడేస్తాం, ఊరి కుక్క" అంటాం. ఈ రెండు నాలుకల వ్యవహారమే అసలు జబ్బు. మిగతాదంతా దాని వెంట వచ్చేదే.

కుక్క లేకుండా మనకి జరగదు. గుడివాడ, కైకలూరు వైపు చేపల చెరువుల కాపలా, బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు రొయ్యల గుంటల కాపలా, ఒంటరి మనిషీ ఒక టార్చిలైటూ ఉంటే సరిపోదు. చీకట్లో ఎవరన్నా గట్టెక్కితే ముందు తెలిసేది కుక్కకే. బందరు పక్క దొడ్లల్లో గేదెలకీ, పెరట్లో కోళ్ళకీ అదే కాపలా. ఇంక మన దివిసీమ సంగతి చెప్పక్కర్లేదు. రాత్రి పూట నీళ్ళు మళ్ళించడానికి చేలోకి పోయేవాడికి పాము భయం ఎట్టాంటిదో మనకి తెలుసు. 2018 ఆగస్టులో ఇక్కడ పాముకాట్లు ఎక్కువై జనం హడలిపోతే, మోపిదేవి సుబ్బారాయుడి గుళ్ళో సర్పయాగం కూడా చేశారు, గుర్తుందా? గట్టు మీద మనకంటే పది అడుగులు ముందు నడిచి, ఒక్కచోట ఆగి, చెవులు నిక్కబొడుచుకుని మొరిగే కుక్క ఉంటే ఆ గుండె ధైర్యం వేరు. దాని విలువ డబ్బుల్లో కట్టలేం.

మా ఇంట్లో ఉన్నది కర్రిగాడు. నల్లటి ఒళ్ళు, కళ్ళ మీద రెండు గోధుమరంగు చుక్కలు. జాతి కుక్కేం కాదు, మన ఊర కుక్కే. ఆరేళ్ళ కింద బంటుమిల్లి వైపు ఒక రొయ్యల గుంట దగ్గర, వాడి తల్లి కరెంటు తీగ తగిలి చచ్చిపోతే, కాపలా మనిషి నా చేతిలో పెట్టాడు. చేటలో సరిపోయేంత ఉన్నాడు అప్పుడు. ఇప్పుడు వాడి సంగతి వినండి.

హెల్మెట్ పెట్టుకున్న మనిషిని చూస్తే వాడికి పూనకం. చేతిలో కర్ర ఉన్నా, భుజాన గోతం ఉన్నా అంతే. వరి కోత మిషన్ చేలో దిగితే దాని చుట్టూ తిరిగి టైర్లని కరవబోతాడు. కోతలయ్యాక పొలాల్లోకి మేపుకి వచ్చే బాతుల మందని చూస్తే, ఆ బాతుల వాళ్ళకీ నాకూ పంచాయితీ ఖాయం. ఉరుము ఉరిమితే మాత్రం ఇంత పౌరుషమూ పోయి మంచం కింద దూరతాడు. దీపావళి మూడు రోజులూ అన్నం ముట్టడు. మా ఇంటావిడ చెప్పులు నాలుగు జతలు కొరికి పెట్టాడు, నావి ఒక్కటీ ముట్టలేదు. ఎందుకో వాడికే తెలియాలి.

అదే కర్రిగాడు, మా అమ్మకి కాలు విరిగి మూణ్ణెల్లు మంచాన ఉంటే, ఆ మంచం పట్టె కిందే పడుకున్నాడు. అమ్మ దగ్గితే లేచి మా గది తలుపు గీకేవాడు. అమ్మకి ఎనభై దాటింది, చెవులు సరిగ్గా వినపడవు. "వీడే నా చెవులురా" అంటది. రాత్రి పెరుగన్నంలో మొదటి ముద్ద వాడిదే. ఇట్టాంటి కుక్కని వదిలెయ్యమని మీరు చెప్తే నేను వింటానా? మీరైనా వింటారా?

మన పెద్దోళ్ళ సామెత ఒకటుంది, మొరిగే కుక్క కరవదని. దయచేసి దాన్ని నమ్ముకోకండి. మొరిగేదీ కరుస్తుంది, మొరగనిదీ కరుస్తుంది. తేడా ఒక్కటే, మొరిగేది ముందు చెప్పి కరుస్తుంది. కుక్క గుర్రుమంటోందంటే నోటీసు ఇస్తోందని అర్థం. "దగ్గరికి రావద్దు, నాకు భయంగా ఉంది" అని చెప్పడానికి దానికున్న భాష అదే. మనోళ్ళు ఏం చేస్తారు? గుర్రుమన్నదని కర్ర తీసుకుని బాదుతారు. నాలుగుసార్లు బాదాక అది గుర్రుమనడం మానేస్తుంది. భయం పోయి కాదు, చెప్తే తన్నులు పడతన్నాయని. ఇక ఆ తర్వాత నోటీసు లేకుండా నేరుగా పళ్ళు దిగుతాయి. అప్పుడు "ఉన్నట్టుండి కరిచిందండీ" అంటాం. ఉన్నట్టుండి కాదు, చెప్పే నోరు మనమే మూయించాం.

రెండోది గొలుసు. "మా కుక్క మహా పొగరుదండీ, అందుకే ఎప్పుడూ కట్టే ఉంచుతాం" అని చాలామంది చెప్తారు. తిరగేసి చూడండి. ఎప్పుడూ కట్టే ఉంచడం వల్ల కూడా దానికి పొగరెక్కుతుంది. గొలుసు మీద ఉన్న కుక్క భయమేస్తే పారిపోలేదు. పారిపోలేనిది మీద పడుతుంది. రెండు గజాల గొలుసుకి రోజంతా కట్టి, దాని ముందు నుంచి పిల్లలు రాళ్ళేసుకుంటూ పోతుంటే ఏ జీవికైనా పిచ్చెక్కుతుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం తీసి చూస్తే, ఎప్పుడూ గొలుసుతో కట్టి ఉంచే కుక్కని యజమాని తిప్పకుండా వదిలేయడాన్ని కూడా క్రూరత్వం కిందే రాశారు. అరవై ఏళ్ళ పైబడిన చట్టం. మనకెవరూ చెప్పలేదు, అంతే.

మూడోది నొప్పి. నిన్నటిదాకా మంచిగా ఉన్న కుక్క ఒక్కసారిగా చిరాకు పడుతోందంటే ముందు దాని ఒళ్ళు చూడండి. చెవుల్లో చీము, పన్ను పుచ్చు, వేళ్ళ సందుల్లో గోమార్లు, ఎక్కడో పుండు. ఎద్దు అరక దగ్గర కాలు తన్నితే గిట్టలో ముల్లు దిగిందేమో అని వెతికే రైతు, కుక్క తిక్కగా ఉంటే మాత్రం కర్ర వెతుకుతాడు. అదేం న్యాయం?

ఇంక నాలుగోది, చిత్త కార్తె. మనకి కొత్త చెప్పేదేముంది, అక్టోబరులో ఆ రెండు వారాలూ ఊళ్ళో కుక్కల గుంపులు ఎట్టా ఉంటాయో. వరి పొట్ట మీదుండే రోజులు. ఒక ఆడకుక్క వెనక పది మగకుక్కలు, దారిన పోయే బండి మీద పడటం, వాటిలో అవి కొట్టుకోవడం. విడదీయబోయిన మనిషికి కాటు. ఆ తర్వాత రెండు నెలలకి, సరిగ్గా సంక్రాంతి ముందు, గడ్డివాముల కింద పిల్లలు. పిల్లలున్న తల్లి దగ్గరికి ఎవరు పోయినా ఊరుకోదు. ఇదంతా ఏటా జరిగేదే, తెలిసి తెలిసి ఏటా ఆశ్చర్యపోతాం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. పోయినేడాది మినుము పీకే రోజుల్లో, గొలుసు కొక్కెం ఊడొచ్చి, కూలికి వచ్చిన ఒక ఆవిడ పిక్క పట్టాడు కర్రిగాడు. గాయం లోతుగానే దిగింది. పంపు కింద కాలు పెట్టించి, సబ్బుతో పావుగంట కడిగించి, బండి మీద ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాం. సూదులు వేశారు. నాలుగు సార్లు తీసుకెళ్ళి తీసుకొచ్చే పని, పనికి రాలేని రోజుల కూలి, రెండూ మా ఇంటివే. కుక్క ఎవరిదో ఖర్చు వాళ్ళది, ఇందులో గొప్పేం లేదు.

కానీ ఆవిడ అన్న మాట ఒకటుంది. "సూదుల సంగతి సరే బాబూ, రేపు మీ ఇంటికి పనికి ఎట్టా రాను? మీ సందులోంచే గదా మా పిల్ల బడికి పోవాలి." ఇదండీ లెక్క. కాటుకి మందుంది. భయానికి మందేది? నా కుక్కంటే భయపడి ఒక మనిషి కూలి వదులుకుంటే, ఒక పిల్ల చుట్టూ తిరిగి బడికి పోతే, ఆ నష్టం ఏ ఖాతాలో రాయాలి? మన ఇంట్లో మనకి ముద్దు. ఆ ముద్దు పక్కవాడి మీద పన్నుగా పడకూడదు.

ధర్మరాజు స్వర్గం గుమ్మం దగ్గర కూడా కుక్కని వదలనన్నాడని నాకు చాలామంది గుర్తు చేశారు. నిజమే, గొప్ప కథ. అయితే ఆ కుక్క దారిలో ఎవరినీ కరవలేదు. కరిచి ఉంటే ధర్మరాజు ఏం చేసేవాడు? కుక్కనీ వదిలేవాడు కాదు, కరిపించుకున్నవాడినీ వదిలేవాడు కాదు అని నేను అనుకుంటా. మనకి కావాల్సింది ఆ రెండోదే.

మరి ఏం చేయాలి? మా ఇంట్లో చేసినవి చెప్తా, మీకు పనికొచ్చేవి తీసుకోండి. ఒకటి, దొడ్లో ఈ మూల నుంచి ఆ మూలకి బలమైన ఇనప తీగ లాగి, దానికి రింగు వేసి, ఆ రింగుకి గొలుసు కట్టాం. ఇప్పుడు కర్రిగాడు దొడ్డి పొడవునా తిరుగుతాడు గానీ దారి మీదికి రాలేడు. రెండు, గేటు లోపల ఇంకో చిన్న గేటు. పాలు పోసేవాళ్ళు, గ్యాసు బండ తెచ్చేవాళ్ళు, కరెంటు రీడింగు తీసేవాళ్ళు మొదటి గేటు దాకా ధైర్యంగా వస్తారు. మూడు, పొద్దున అయిదింటికి, సందుల్లో మనుషులు లేకముందే, గట్టు మీద రెండు మైళ్ళు నడక. అలిసిన కుక్క సగం మంచి కుక్క. నాలుగు, కూలీలు వచ్చే రోజుల్లో, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు మూతికి చిక్కం. కళ్ళంలో ఎద్దుకి కట్టేవాళ్ళం కదా, అట్టాంటిదే కుక్కలకీ దొరుకుతుంది. అయితే అది నోరు తెరిచి వగర్చేటంత వదులుగా ఉండాలి. తాడుతో మూతి బిగించి కట్టకండి, ఎండలో ఊపిరాడక చస్తుంది.

అయిదు, ఆపరేషన్. మగకుక్కకి కొట్టిస్తే ఊరి మీద తిరగడం, వేరే కుక్కలతో కొట్లాట తగ్గుతాయి. భయంతో కరిచే గుణం దాంతోనే పోదు, అది వేరే సంగతి. గన్నవరంలో మన పశువైద్య కళాశాల ఉంది, అక్కడ అడగొచ్చు. దగ్గర్లోని పశువుల ఆసుపత్రిలో అడగొచ్చు. 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వాళ్ళు పలుకుతారు.

ఆరు, అన్నిటికంటే ముఖ్యం, టీకా. పిల్లకి మూడు నెలలు నిండాక మొదటి రేబిస్ టీకా, ఆ తర్వాత ఏడాదికొకసారి తప్పకుండా. జులై 6న ప్రపంచ జూనోసిస్ దినం అని పశుసంవర్ధక శాఖ వాళ్ళు కుక్కలకి ఉచితంగా టీకాలు వేస్తారు. ఆ తేదీ ఎందుకంటే, 1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ మొదటిసారి పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ పిల్లాడికి టీకా ఇచ్చి బతికించాడు. నూట నలభై ఏళ్ళయింది మందు వచ్చి. అయినా ప్రపంచంలో రేబిస్ చావుల్లో మూడో వంతు పైన మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఊళ్ళో వంద కుక్కలుంటే డెబ్బయ్యింటికి టీకా పడితే ఆ జబ్బు పాకడం ఆగిపోతుందని లెక్క. గోవాలో ఊరూరా తిరిగి కుక్కలకి టీకాలేసి, 2021లో రేబిస్ అదుపులోకి వచ్చిన రాష్ట్రంగా ప్రకటించుకున్నారు. మన పంచాయతీ తలుచుకుంటే డెబ్బై కుక్కలు ఒక్కరోజు పని.

కాటు పడితే ఏం చేయాలో కూడా చెప్పుకుందాం, ఎందుకంటే ఇక్కడ ప్రాణాలు పోతన్నాయి. కారం రుద్దకండి. సున్నం పెట్టకండి. పసరు మందు కోసం పక్క ఊరు పరిగెత్తకండి. సబ్బు, పారే నీళ్ళు, పదిహేను నిమిషాలు. వెంటనే ఆసుపత్రి. పీహెచ్‌సీ అయినా సరే, అవనిగడ్డ, గుడివాడ, బందరు ప్రభుత్వాసుపత్రులైనా సరే. చర్మంలోకి వేసే సూదులైతే ఆ రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. నాలుగూ పూర్తి చేయాలి, రెండు వేయించుకుని "తగ్గిపోయిందిలే" అని మానేయకూడదు. రక్తం వచ్చిన లోతు గాయమైతే గాయంలోనే ఇంకో మందు కూడా ఎక్కించాలి, డాక్టరు చెప్తారు. పిచ్చి లక్షణాలు బయటపడ్డాక ఏ మందూ పనిచేయదు, అది గుర్తుంచుకోండి. పెంపుడు కుక్కే కదా, చిన్న గీతే కదా అనుకోవద్దు.

ఇంకో మాట. కరిచిన కుక్కని ఆవేశంలో అక్కడికక్కడే కొట్టి చంపకండి. పది రోజులు కట్టి, అన్నం నీళ్ళు పెట్టి గమనించాలి. పది రోజులూ ఆరోగ్యంగా ఉంటే, కరిచినప్పుడు దానికి పిచ్చి లేనట్టే. సూదులు మాత్రం ఆ పది రోజుల కోసం ఆగకుండా మొదలుపెట్టాలి. కుక్కని చంపేస్తే ఆ ఆధారం కూడా పోతుంది.

కర్రిగాడు కరిచిన వారం, నాకు సలహాలు రెండు రకాలుగా వచ్చాయి. ఒకాయన "నాలుగు గుళికలు మాంసంలో పెట్టి పడెయ్, పీడా పోద్ది" అన్నాడు. ఇంకొకాయన కాస్త జాలిగా, "పులిగడ్డ వారధి దాటించి పెనుమూడి అవతల వదిలెయ్, వాడి బతుకు వాడు బతుకుతాడు" అన్నాడు. రెండూ ఒకటే అని నా అభిప్రాయం. మొదటిది గంటలో చంపుద్ది, రెండోది నెలలో. కొత్త చోట అక్కడి కుక్కలు దాన్ని బతకనివ్వవు. ఆకలికి, భయానికి ఇంకా తిక్కెక్కి అవతల గట్టున ఎవరి పిల్లనో కరుస్తుంది. మన బాధ్యతని నది దాటించి రేపల్లె వాళ్ళ నెత్తిన పెట్టడం అది. వాళ్ళూ అట్టాగే అనుకుని వాళ్ళ కుక్కల్ని మన గట్టున వదిలితే?

ఇక గుళికల సంగతి. ఆ ముక్క మీరు అనుకున్న కుక్కే తింటుందని ఎవరు చెప్పారు? పక్కింటి కుక్క తినొచ్చు, పిల్లి తినొచ్చు, కాకి ఎత్తుకుపోయి ఎవరి నీళ్ళ తొట్లోనో పడేయొచ్చు, ఆడుకునే పిల్ల చేత్తో పట్టుకోవచ్చు. ఎలుకలకి మందు పెట్టినప్పుడే, చచ్చిన ఎలకని తిని ఎన్ని కుక్కలు కొట్టుకుని చస్తన్నాయో చూస్తన్నాం.

చట్టం కూడా తెలుసుకోండి. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 325వ సెక్షన్ కింద జంతువుకి విషం పెట్టి చంపితే అయిదేళ్ళ దాకా జైలు పడొచ్చు. అదే పుస్తకంలో 291వ సెక్షన్ ఉంది, అది మనలాంటి కుక్కల వాళ్ళ కోసం. మన జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా చూసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. 2023లో వచ్చిన జంతు సంతాన నియంత్రణ నిబంధనల్లో కూడా, పెంపుడు జంతువుకి టీకా, నట్టల మందు, ఆపరేషన్ బాధ్యత యజమానిదే అని రాశారు. కాబట్టి "కుక్క ఉంది జాగ్రత్త" అని బోర్డు రాసి పెడితే మన పని అయిపోయిందనుకోవద్దు. చదువు రాని ముసలమ్మకీ, నాలుగేళ్ళ పిల్లకీ ఆ బోర్డు ఏం చెప్తుంది?

"మనుషులకే దిక్కు లేదు, గిట్టుబాటు ధర లేదు, కౌలు కట్టడానికే అప్పు చేస్తన్నాం, కుక్కకి ఇంత హంగామానా?" అని అడిగేవాళ్ళు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. నేను చెప్పిన వాటిల్లో డబ్బు పెద్దగా ఎక్కడుంది? తీగ, రింగు, పట్టా, అన్నీ కలిపినా ఒక పురుగుమందు పిచికారీ ఖర్చులోపే. టీకా ఉచితంగా వేసే రోజుంది. పొద్దున నడక మనకీ మంచిదే. ఖర్చయ్యేది ఓపిక. అదీ లేనప్పుడు కుక్క జోలికి పోకపోవడమే మంచిది. కాపలా కావాలి, కాపలా కుక్క బాధ్యత వద్దంటే కుదరదు.

కొత్తగా ఒక పోకడ కూడా చూస్తన్నా. కుర్రాళ్ళు బెజవాడ నుంచి వేలకి వేలు పోసి రాట్‌వీలర్లు, పిట్‌బుల్స్ తెచ్చి, బందరు ఎండలో, ఉప్పగాలిలో రేకుల షెడ్డు కింద కట్టేస్తన్నారు. ఆ బలం చూసి మురిసిపోవడమే గానీ పట్టి ఉంచే తరీఫీదు లేదు. కుక్క కావాలంటే మన ఊర కుక్క పిల్లనే తెచ్చుకోండి, మన ఎండకీ వానకీ తట్టుకుంటుంది. పిల్లకి పుట్టాక మొదటి మూడు నెలలే కీలకం. ఆ వయసులో పదిమంది మనుషుల్ని చూడాలి, హెల్మెట్‌ని చూడాలి, ట్రాక్టర్ చప్పుడు వినాలి, పిల్లల చేతుల్లో ఆడాలి. అప్పుడు చూసింది తర్వాత భయపెట్టదు. రొయ్యల గుంట మీద ఒక్క మనిషి మొహం చూసి పెరిగిన కర్రిగాడికి మిగతా లోకమంతా దొంగలే. వాడి తప్పేముంది?

మన ప్రాంతం వాళ్ళం కాబట్టి ఒక సంగతి మరిచిపోకూడదు. 1977 నవంబరు 19 ఉప్పెన మన పెద్దోళ్ళు చెప్తే విన్నాం. వేల మంది మనుషులు, లెక్కలేనన్ని పశువులు పోయాయి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు వదిలినప్పుడు లంకల్లో ఎట్టా ఉందో మనమే చూశాం. తుఫాను షెల్టర్‌కి పొమ్మన్నప్పుడు కుక్కని ఎక్కడికీ తీసుకుపోలేకపోతే, కనీసం గొలుసు విప్పి పొండి. గేదె పలుపు విప్పండి, కుక్క గొలుసు విప్పండి. ఈదగలిగే జీవిని కట్టేసి మునగనివ్వడం కంటే పాపం ఉండదు. అయితే దానికి ముందే టీకా ఉండాలి, మెడలో పట్టా ఉండాలి. అందుకే అవి ఎండ కాసేటప్పుడే చేసుకోమనేది.

ఏం చేసినా మారని కుక్కలు కొన్ని ఉంటాయి, కాదనను. చిన్నపిల్లల మొహం మీదికి పోయేవి, ఇంట్లోవాళ్ళనే పదే పదే కరిచేవి. అట్టాంటిది ఉంటే పశువైద్యుడి దగ్గర కూర్చుని, కుక్కని ముందు పెట్టుకుని, నిజం దాచకుండా చెప్పి ఆయన చెప్పినట్టు చేయండి. ఆ నిర్ణయం ఎంత కఠినమైనదైనా పగటిపూట, నలుగురికీ తెలిసేట్టు తీసుకునేది. చీకట్లో మాంసం ముక్కతో తీసుకునేది కాదు.

ఇక చివరగా ఒక చిన్న పని చెప్తా, రేపు పొద్దునే చేసి చూడండి. మీ గేటు బయటికొచ్చి, దారి మీద నిలబడండి. మీ ఇంటికి మొదటిసారి వచ్చిన మనిషి అనుకోండి. చేతిలో పాల క్యాను ఉంది, లేదా పక్కన ఆరేళ్ళ పిల్ల ఉంది. అక్కణ్ణుంచి మీ ఇంటిని చూడండి. లోపలికి పిలవాలంటే ఎక్కడ నిలబడి పిలవాలి? కుక్క ఎక్కడిదాకా రాగలదు? ఆ దారిన పోవడానికి మీకు జంకు లేకపోతే మీ కుక్క ఎంత మొండిదైనా ఊరికి బాధ లేదు. జంకు పుడితే ఆ కాస్త దూరం సరిచేయాల్సింది మీరే, ఊరు కాదు.

మీ ఇళ్ళల్లో ఉన్న మొండిఘటాల సంగతులు కూడా రాయండి. ఏం చేస్తే దారికొచ్చిందో రాస్తే పదిమందికి పనికొస్తది. కుక్క పేరు రాయడం మర్చిపోకండి. పేరుతో పాటు "ఇది మాదే" అని కూడా రాయండి.